జనాభా లెక్కలలో ఒక వలస కుటుంబపు జాడ

“మీ పూర్వులు ఏ ఊరినుండి వచ్చారు?” అని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో ఎవరినైనా అడిగితే సాధారణంగా రెండు మూడు తరాల వరకు సమాధానం దొరుకుతుంది. తాతగారి ఊరు తెలుసు. తద్దినం పెట్టే ఇళ్ళలో ముత్తాతగారి పేరు కూడా జ్ఞాపకం ఉంటుంది. ఆపైన అంతా మసక. ఇంటిపేరే ఒక ఊరిపేరైన కుటుంబాలకు మరొక చిన్న ఆధారం ఉన్నది. పూర్వం ఎవరో ఆ ఊరు విడిచి వచ్చారని ఇంటిపేరు చెప్పుతుంది. కాని ఎప్పుడు విడిచారో, ఎందుకు విడిచారో చెప్పలేదు.

మరొక పక్క, నూరేళ్ళకు పైగా ప్రభుత్వం పదేళ్ళకొకసారి ప్రతి ఇంటి గుమ్మం తొక్కి, ఇంటిలోని ప్రతి మనిషి వయస్సు, మాతృభాష, వృత్తి, జన్మస్థలం అడిగి వ్రాసుకొన్నది. ఇంత వ్రాత జరిగినప్పుడు ఒక కుటుంబం ఎక్కడినుండి ఎక్కడకు వెళ్ళినదీ అందులో దొరకకపోతుందా అని ఎవరికైనా తోస్తుంది. దొరికేది కొంత ఉన్నది, దొరకనిది చాలా ఉన్నది. ఆ రెంటికీ గల కారణాలను తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చీటీ ఏమైనది?

మద్రాసు రాజధానిలో 1871లో ఒక జనాభా లెక్క జరిగింది. దేశమంతటా ఒకే సమయాన లెక్క తీయడం 1881 ఫిబ్రవరి 17న ఆరంభమైనది. అప్పటి నుండి 2011 వరకు పదేళ్ళ క్రమం తప్పలేదు. 2021లో జరగవలసినది కోవిడ్ వల్ల నిలిచిపోయి, 2027కు వాయిదా పడినది. గ్రామాలలో కరణాలు, బడిపంతుళ్ళు ఈ లెక్కలు వ్రాశారు. 1881 నుండి అడుగుతూ వచ్చిన ప్రశ్నలలో “మీరు పుట్టిన స్థలమేది?” అన్నది ఒకటి. వలసను గురించి మనకు తెలిసినదంతా చాలాకాలం ఈ ఒక్క ప్రశ్న మీదనే ఆధారపడి ఉన్నది.

వ్రాసిన చీటీలు లెక్కల కార్యాలయానికి చేరుతాయి. అక్కడ వాటిని జిల్లాలవారీగా, వయస్సులవారీగా, భాషలవారీగా వేరుచేసి పట్టికలు తయారు చేస్తారు. పట్టిక తయారైన తరువాత చీటీతో పని తీరినట్లే. వాటిని నాశనం చేయడం మన దేశంలో ఆచారం. మిగిలినది అంకె మాత్రమే. ఆ అంకెలో మన ముత్తాత ఉన్నాడు గాని, కుప్పలో ఏ గింజ ఏ చేనుదో చెప్పలేనట్లే ఆయనను వేరుచేసి చూపలేము.

చీటీ ఉన్నంతకాలమైనా దానిని చూసే హక్కు ఎవరికీ లేదు. 1948 నాటి జనాభా లెక్కల చట్టంలోని 15వ సెక్షను ప్రకారం ఆ రికార్డులు తనిఖీకి ఇవ్వరు. సివిల్ వ్యాజ్యంలో సాక్ష్యంగా కూడా అవి చెల్లవు. ఇది మొదట కఠినంగా తోచవచ్చును. కాని శాస్త్రదృష్టితో ఆలోచిస్తే ఇందులో న్యాయం ఉన్నది. చెప్పిన మాట రేపు పన్నుల అధికారి చేతికో, దాయాది వకీలు చేతికో పోతుందన్న భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు. ఒక ఇల్లు అబద్ధం చెప్పితే నష్టం స్వల్పం. అన్ని ఇళ్ళూ ఒకే పక్కకు అబద్ధం చెప్పితే పట్టిక అంతా చెడుతుంది.

ఇతర దేశాలలో పద్ధతి వేరు. అమెరికాలో ఇంటింటి పత్రాలను భద్రపరచి 72 ఏళ్ళ తరువాత ప్రజలకు చూపుతారు. 1950 నాటి పత్రాలు 2022 ఏప్రిల్ 1న బయటకు వచ్చాయి. ఇంగ్లండులో గడువు నూరేళ్ళు. 1921 నాటివి 2022 జనవరిలో విడుదలైనాయి. అందువల్ల ఆ దేశాలకు వలసపోయిన ఒక కుటుంబాన్ని పదేళ్ళకొక మజిలీగా, వీధి పేరుతో సహా అనుసరించవచ్చును. అక్కడ కూడా చిక్కులు లేకపోలేదు. ఇంగ్లండులో 1931 నాటి పత్రాలు 1942లో అగ్నికి ఆహుతైనాయి. అమెరికాలో 1920 నుండి 1940 వరకు భారతీయులందరినీ జాతి అన్న గడిలో “హిందూ” అని వ్రాశారు. గుంటూరు నుండి వెళ్ళిన క్రైస్తవుడైనా, ముస్లిమైనా ఆ గడిలో హిందువే. పత్రం దొరికినంత మాత్రాన నిజం దొరికినట్లు కాదని ఇది చెప్పుతుంది.

కదలని కుటుంబం, కదిలిన సరిహద్దు

మన ప్రాంతానికి వద్దాము. 1832–33లో, అనగా నందన సంవత్సరంలో, వచ్చిన డొక్కల కరువులో గుంటూరు సీమలోని అయిదు లక్షల జనంలో సుమారు రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. 1855లో విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తి అయినది. కాలువలు తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నీరు తెచ్చాయి. వర్షాధారపు పొలాలు వరిపొలాలైనాయి. ఒకప్పుడు జనం చచ్చిపోయి పాడుబడిన సీమకు జనం వచ్చి చేరసాగారు. రెండు తరాలు గడిచేసరికి భూమి ధర పెరిగి, కమతాలు చీలి, అదే సీమనుండి జనం బయటికి పోవడం మొదలైనది. నిజాం రాజ్యంలో మంజీరానదిపై 1923లో ఆరంభమైన నిజాంసాగరం 1931 నాటికి పూర్తి అయినది. కాలువ వ్యవసాయం తెలిసిన కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఇక్కడ ఎకరం అమ్మి అక్కడ అనేక ఎకరాలు కొనుక్కొన్నారు. 1953లో తుంగభద్ర డ్యాము నీరు వచ్చిన తరువాత ఇటువంటి కుటుంబాలే రాయచూరు సీమకు వెళ్ళి “ఆంధ్రా క్యాంపులు” ఏర్పరచుకొన్నాయి.

ఇప్పుడు ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. రేపల్లె తాలూకాలోని ఒక ఊరిలో ముగ్గురు అన్నదమ్ములు. నడిమివాడు 1933లో తన వాటా అమ్మి, భార్యతో, ఇద్దరు పిల్లలతో నిజామాబాదు జిల్లా బోధను ప్రాంతానికి వెళ్ళి స్థిరపడ్డాడు. పట్టికలలో ఈ నలుగురి జాడ ఎట్లుంటుందో చూడండి.

1931లో వారు గుంటూరు జిల్లా లెక్కలో ఉన్నారు. 1941లో యుద్ధం కారణంగా పట్టికలను చాలావరకు కుదించారు. 1951లో వారు హైదరాబాదు రాష్ట్రంలో, “మద్రాసు రాష్ట్రంలో పుట్టినవారు” అన్న గడిలో ఉన్నారు. అనగా పరరాష్ట్రం నుండి వచ్చినవారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు దానితో కలిసినాయి. కనుక 1961లో అదే కుటుంబం “అదే రాష్ట్రంలో వేరొక జిల్లానుండి వచ్చినవారు” అయినది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినది. కాబట్టి ఆ ఇంటిలో గుంటూరు జిల్లాలో పుట్టిన ముసలివారెవరైనా మిగిలి ఉంటే, 2027 లెక్కలో వారు తిరిగి పరరాష్ట్రంలో పుట్టినవారవుతారు. వారు బోధను విడిచి అడుగు బయట పెట్టలేదు. సరిహద్దు గీత మాత్రం మూడుసార్లు మారినది.

పుట్టిన జిల్లాకు కూడా ఇదే గతి. 1904 అక్టోబరు 1న గుంటూరు జిల్లా ఏర్పడక ముందు తెనాలి, బాపట్ల, రేపల్లెలు కృష్ణా జిల్లాలోనివి. 1901లో “కృష్ణా జిల్లాలో పుట్టినవాడు” అయిన మనిషి 1911లో “గుంటూరు జిల్లాలో పుట్టినవాడు” అవుతాడు. తాలూకాలు 1985లో మండలాలైనాయి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులో చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయినది. ఈ తేదీలను పక్కన పెట్టుకోకుండా ఒక పట్టికను మరొక పట్టికతో పోల్చితే, జరగని వలసలు జరిగినట్లును, జరిగిన వలసలు జరగనట్లును తోస్తాయి. కనుక ఈ పనిలో మొదటి సూత్రం ఇది: జిల్లా పేరును నమ్మకూడదు, ఊరి పేరును పట్టుకోవాలి.

ఇంకొక విశేషం. బోధనులో స్థిరపడిన మన రైతుకు 1936లో అక్కడనే మూడవ కొడుకు పుట్టాడనుకొందాం. జన్మస్థల పట్టికకు ఆ పిల్లవాడు వలసవాడే కాదు, స్థానికుడు. ఊరివారికి మాత్రం అతడు, అతని కొడుకు, మనుమడు కూడా “గుంటూరువాళ్ళే”. పట్టిక ఒక తరంలో మరచిపోయేదానిని ఊరు మూడు తరాలైనా మరచిపోదు. ఇది వేడుక మాట కాదు. నిజాం ప్రభుత్వపు 1919 నాటి ముల్కీ నిబంధనలు మొదలుకొని 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల వరకు, ఎవరు స్థానికులు అన్న ప్రశ్నపై ఉద్యోగాలు, చదువులు ఆధారపడినాయి. అటువంటి వేళ జనాభా లెక్కల చీటీ ఎవరికీ అక్కరకు రాదు. పాఠశాల సర్టిఫికేటు, నివాస పత్రం వంటివే అక్కరకు వస్తాయి.

కాన్పు, వయస్సు

వలస లెక్కలలో మన దేశానికే చెందిన ఒక పొరపాటు ఉన్నది. మా తరగతిలో ఒకసారి విద్యార్థులను తమ జన్మస్థలం, తలిదండ్రుల నివాసం పక్కపక్కన వ్రాయమన్నాను. చాలామందికి రెండూ వేరుగా ఉన్నాయి. కారణం తెలియనిది కాదు. తొలికాన్పు పుట్టింట జరగడం మన ఆచారం. బాపట్లలో కాపురమున్న తల్లి తెనాలిలో ప్రసవించి మూడవ నెలలో బిడ్డతో తిరిగి వస్తుంది. జన్మస్థల పట్టిక ప్రకారం ఆ బిడ్డ తెనాలినుండి బాపట్లకు వలస వచ్చినాడు! ఈనాడు ఆసుపత్రి ఉన్న పట్టణంలో కాన్పులు జరగడం వల్ల ఈ పొరపాటు ఇంకా పెరిగినది. పెండ్లి చేసుకొని అత్తవారింటికి వెళ్ళే స్త్రీలు మన దేశపు వలసలలో అన్నిటికంటె పెద్ద భాగం. ఇంటిపేరు మగవారిని అనుసరిస్తుంది కనుక కుటుంబ చరిత్రలు వారిని విడిచిపెట్టుతాయి. పట్టిక మాత్రం వారిని లెక్కిస్తుంది.

ఈ లోపాలను సరిదిద్దడానికి ప్రశ్నలను క్రమంగా పెంచారు. 1961లో, పుట్టిన ఊరు పల్లెయా పట్టణమా, ఇక్కడికి వచ్చి ఎన్నేళ్ళైనది అని అడిగారు. 1971లో, ఇంతకుముందు నివసించిన ఊరేది అన్న ప్రశ్న చేరినది. 1981లో, ఎందుకు వచ్చారు అన్నది చేరినది. రేపల్లెలో పుట్టి, పదేళ్ళు తెనాలిలో ఉండి, తరువాత బోధను చేరిన మనిషి నడుమ చేసిన మజిలీ 1971కి ముందు పట్టికలకు తెలియనే తెలియదు.

వయస్సు మరొక చిక్కు. పూర్వం పుట్టిన తేదీ వ్రాసి ఉంచుకొన్నవారు తక్కువ. అడిగితే నలభై అనో, నలభై అయిదనో చెప్పేవారు. అందువల్ల సున్నతోను, అయిదుతోను అంతమయ్యే వయస్సుల వద్ద జనం గుమికూడినట్లు కనపడుతుంది. దీనిని కొలవడానికి విపుల్ సూచిక అనే సులభమైన సాధనం ఉన్నది. 23 నుండి 62 ఏళ్ళ వరకు ఉన్నవారిలో 0, 5 అంకెలతో అంతమయ్యే వయస్సు చెప్పినవారిని లెక్కించి, ఆ సంఖ్యను 5తో హెచ్చించి, మొత్తం జనంతో భాగించి, నూటితో హెచ్చించాలి. అందరూ నిజం చెప్పితే సుమారు 100 వస్తుంది. అందరూ గుండు వయస్సులే చెప్పితే 500 వస్తుంది. ఉదాహరణకు 400 మందిలో 160 మంది అట్లు చెప్పితే సూచిక 200. అటువంటి ఊరిలో ఒక మనిషి వయస్సు 40 అని వ్రాసి ఉంటే, దానిని 36 నుండి 44 వరకు ఏదైనా కావచ్చునని చదువుకోవాలి.

ఇక్కడ మన పెద్దల మాట పట్టికకంటె మేలు. వారు ఏళ్ళు చెప్పరు, సంవత్సరం పేరు చెప్పుతారు. “ధాత కరువునాటికి మా అమ్మ చంటిపిల్ల” అంటే 1876–77 అని వెంటనే తేలిపోతుంది. ప్రభవాది అరవై పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి గనుక ఏ ఆవృత్తియో పోల్చుకొంటే చాలును. తుపానులు, వరదలు, ఆనకట్టలు కూడా ఇట్లే కాలాన్ని పట్టి ఇస్తాయి.

పేర్లు మిగిలిన చోట్లు

పట్టికలో పేరు లేదన్నాము. మరి నూరేళ్ళనాటి సామాన్యుల పేర్లు, ఊళ్ళతో సహా ఎక్కడైనా మిగిలి ఉన్నాయా? ఉన్నాయి. ఎవరివి మిగిలాయో చూస్తే మనస్సు చివుక్కుమంటుంది.

1860 నవంబరు 16న “ట్రూరో” అనే ఓడ మద్రాసునుండి కూలీలను తీసుకొని దక్షిణాఫ్రికాలోని డర్బను చేరినది. అప్పటినుండి 1911 వరకు 1,52,184 మంది భారతీయులు అట్లే ఒప్పందపు కూలీలుగా నేటాలు వెళ్ళారు. 1879 నుండి 1916 వరకు 60,965 మంది ఫిజీ వెళ్ళారు. 1903 నుండి మద్రాసు రేవునుండి కూడా ఓడలు ఫిజీకి పోయాయి. వీరిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. కూలీ పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం మొదలైన వివరాలు వ్రాసి ప్రతివానికీ ఒక నంబరు ఇచ్చేవారు. ఆ జాబితాలు మిగిలి ఉన్నాయి. అందువల్ల డర్బనులోని ఒక తెలుగు కుటుంబం తన ముత్తాత పుట్టిన పల్లె పేరును చదువుకోగలదు. ఆ ముత్తాత తోబుట్టువుల సంతతి ఆ పల్లెలోనే ఉండి కూడా తమ ముత్తాతను గురించి అంత వివరం చూపలేదు.

రెండవ ఉదాహరణ మన ఇంటి పక్కనే ఉన్నది. బాపట్లకు చీరాలకు నడుమ స్టూవర్టుపురం అనే ఊరు ఉన్నది. ఎరుకలవారు పూర్వం సముద్రతీరపు ఉప్పును గాడిదలపై వేసుకొని మెట్టసీమలకు చేర్చి, ధాన్యం తెచ్చుకొంటూ బ్రతికిన సంచార వర్తకులు. రైళ్ళు వచ్చి, ఉప్పు విధానాలు మారి, ఆ వృత్తి పోయినది. ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కింద వారిలో అనేక కుటుంబాలపై పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసి, 1910 తరువాతి సంవత్సరాలలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఇక్కడ ఒక సెటిల్మెంటు ఏర్పరచినది. వేర్వేరు చోట్లనుండి తెచ్చిన కుటుంబాలను ఇక్కడ ఉంచి, కొందరిని చీరాల పొగాకు కంపెనీలో పనికి పెట్టారు. తమ ఇష్టంతో కాక, ఇతరుల నిర్ణయంతో వలస వచ్చిన కుటుంబాలివి. ఆ చట్టం కింద మనుష్యుల పేర్లను, వేలిముద్రలను రిజిస్టరులో నమోదు చేసేవారు. సెలవు లేకుండా ఊరు కదలకూడదు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయినది. ముద్ర మాత్రం చట్టంతోపాటు చెరిగిపోలేదు.

ఈ రెండు ఉదాహరణలు కలిపి చూడండి. స్వతంత్రంగా బోధను వెళ్ళిన రైతు లెక్కల కాగితాలలో అంకెగా కరిగిపోయినాడు. ఓడ ఎక్కిన కూలీ పేరు, సెటిల్మెంటులోని ఎరుకల కుటుంబం పేరు నిలిచి ఉన్నాయి. పట్టి ఉంచవలసినవాని పేరును ప్రభుత్వం జాగ్రత్తగా వ్రాసుకొన్నది. స్వేచ్ఛగా తిరిగేవానిని లెక్కించి విడిచిపెట్టినది. ఒక కుటుంబం పేరు పత్రాలలో విశేషంగా కనబడితే, అది గౌరవం చేతనా, బంధనం చేతనా అని చరిత్ర వ్రాసేవారు తప్పక అడగాలి.

జాడను కూర్చుకొనే విధం

అయినా స్వతంత్ర కుటుంబానికి దారి లేకపోలేదు. అమ్మకం, కొనుగోలు జరిగినప్పుడు రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు పుట్టుతుంది. రైతు వెళ్ళిన ఏడు, తెచ్చుకొన్న ధర, హద్దులు అందులో ఉంటాయి. అమ్మిన చోట ఒక దస్తావేజు, కొన్న చోట ఒకటి దొరికితే వలసకు రెండు కొసలూ దొరికినట్లే. గ్రామపు అడంగలులో సాగుచేసినవాని పేరు ఏటేటా ఉంటుంది. బడిలోని అడ్మిషన్ రిజిస్టరులో పిల్లవాని పుట్టిన తేదీ, తండ్రి పేరు ఉంటాయి. క్రైస్తవ కుటుంబాలకు చర్చి బాప్తిస్మ రిజిస్టర్లు ఉన్నాయి. గుంటూరు సీమకు లూథరను మిషనరీ హెయ్యరు వచ్చినది 1842లో. బాపట్లలో అమెరికను బాప్టిస్టు మిషను పని చేసినది. గనుక కొన్ని కుటుంబాలకు ఈ ఆధారం చాలా వెనుకకు పోతుంది.

ఈ పత్రాలు ఒక్కొక్కటి ఒక్కొక్క ఇంటిని చెప్పుతాయి. ఆ ఇల్లు ఒంటరిగా కదిలినదా, ఊరంతా కదులుతున్న ప్రవాహంలో ఒక బిందువుగా కదిలినదా అన్నది మాత్రం జనాభా పట్టికే చెప్పగలదు. పట్టిక పేరు చెప్పలేదు, పత్రం ప్రవాహాన్ని చెప్పలేదు. రెండూ కలిసినప్పుడే అది కుటుంబ చరిత్ర అవుతుంది.

రానున్న లెక్కకు 2027 మార్చి 1వ తేదీని ప్రమాణంగా ప్రకటించారు. ఈసారి ఎవరి వివరాలు వారే నింపుకొనే వీలు కూడా ఉంటుందని చెప్పారు. మనం ఇచ్చే సమాధానాలు పట్టికలో కలిసిపోతాయి. అవి మన మునిమనుమలకు మన పేరుతో తిరిగి రావు. కనుక లెక్క వ్రాసే ఉద్యోగి వచ్చిన రోజుననే మనం కూడా ఒక నోటుపుస్తకం తీసి, ఇంటిలోని పెద్దలను కూర్చోబెట్టి, అవే ప్రశ్నలు అడగడం మంచిది. ఎవరు ఏ ఊరిలో పుట్టారు? ఏ సంవత్సరం పేరున? ఎక్కడెక్కడ ఉండి వచ్చారు? ఎందుకు కదిలారు? ఇంటి ఆడపడుచుల ఊళ్ళు, కోడళ్ళ పుట్టిళ్ళు కూడా వ్రాయాలి. జిల్లా పేరు వ్రాసినా వ్రాయకపోయినా ఊరి పేరు తప్పక వ్రాయాలి. జిల్లాలు మారుతాయి. ప్రభుత్వపు చీటీ దాని పని అది చేసి పోతుంది. ఇంటి నోటుపుస్తకాన్ని దాచుకోవలసినది ఇంటివారే.